సిగ్నేకి నేను నేర్పిన స్వరం

డాన్సు మాస్టారు డూగన్ గారు పొట్ట లోపలికి లాక్కోమనేవారు. గంట తర్వాత పాట క్లాసులో పెట్రాకిస్ మేడమ్ పొట్ట వదిలెయ్యమనేవారు. మధ్యాహ్నం నటన క్లాసులో వైస్ గారు అసలు పొట్టంటూ ఒకటుందన్న సంగతే మర్చిపొమ్మనేవారు. మ్యూజికల్ థియేటర్ డిగ్రీ అంటే ఏం చదువు అని ఎవరైనా అడిగితే నేనిప్పటికీ ఇదే చెప్తాను, ఉన్న ఒక్క పొట్టతో ముగ్గుర్ని మెప్పించే చదువని. విన్నవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అంతలో సిగ్నే గుర్తొస్తుంది, నవ్వు అక్కడితో సరి.

అది తొంభై ఆరో సంవత్సరం. ఒహాయోలో మా కాలేజీ ఉన్న చిన్న ఊళ్లో, బూట్లు బాగుచేసే కెస్లర్ గారి కొట్టు పైవాటాలో మేం ముగ్గురం ఆడపిల్లలం ఉండేవాళ్లం. ముగ్గురం రెండో ఏడాదే. నేను డేటన్ నుంచి వచ్చాను. చర్చి గాయకబృందంలో పెరిగిన గొంతు నాది, మైకు పెడితే పక్కన పెట్టెయ్యమనేవాళ్లు. కాళ్లు మాత్రం ఉత్త మొద్దులు. సిగ్నే ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉన్న డులూత్ పిల్ల. నాలుగో ఏట నుంచీ డాన్సు నేర్చుకుంది, చెక్కమెట్లు ఎక్కినా చప్పుడయ్యేది కాదు. పాడితే ఆ గొంతు కూడా అంతే, చప్పుడయ్యేది కాదు. ఇక ట్రూడీకి పాటా అంతంతమాత్రం, ఆటా అంతంతమాత్రం. కానీ స్టేజీ మీద కుర్చీలో కూర్చుని మేజోళ్లు విప్పుకుంటున్నా సరే, మేం రెప్ప వెయ్యడం మర్చిపోయి చూసేవాళ్లం. నోరు మాత్రం కత్తి.

రెండో ఏడాది ఏప్రిల్లో రివ్యూ అని ఒకటుంటుంది. ముగ్గురు టీచర్లు వరసగా బల్ల వెనక కూర్చుంటారు. వాళ్ల ముందు ఒక్కొక్కరం వెళ్లి ఆడాలి, పాడాలి, ఒక పాత్ర నటించి చూపించాలి. మూడింట్లోనూ గట్టెక్కితేనే మూడో ఏడాది. రెండింట్లో ఆకాశానికెత్తి ఒక్కదాంట్లో పెదవి విరిచినా, వేరే డిగ్రీ చూసుకోమంటారు. మా పై క్లాసువాళ్లలో పంతొమ్మిది మందికి ఏడుగురు అలాగే వెళ్లిపోయారు.

జనవరిలో ముగ్గురికీ తలా ఒక కాగితం ఇచ్చారు, రివ్యూ లోపల ఏం సరిచేసుకోవాలో రాసి. నా కాగితం మీద డూగన్ గారు 'ఈ అమ్మాయి కాళ్లకి చెవుడు' అని రాశారు. దాని కింద వైస్ గారు 'బెర్నడెట్ అబద్ధం చెప్తోందని చూసేవాళ్లకి ఎప్పుడూ తెలిసిపోతుంది' అని రాశారు. సిగ్నే కాగితం మీద పెట్రాకిస్ మేడమ్ ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక్క మాటే రాశారు. 'శ్రుతి శుద్ధంగా ఉంది, గొంతు మాత్రం వెనక వరస దాకా వెళ్లదు.'

ఆ కాగితాలు మూడూ వంటింటి బల్ల మీద పరుచుకుని కూర్చున్నాం. బయట మంచు కరిగి బురదవుతోంది.

"పొద్దున ఆరున్నరకి నేను నీ కాళ్లు చూస్తా. ఏడున్నరకి నువ్వు నా గొంతు చూడు" అంది సిగ్నే నాతో.

"మరి నేనేం చూడాలే?" అంది ట్రూడీ.

"నువ్వు మా ఇద్దరి మొహాలూ చూడు. నటన నీది."

"ఆ మొహాల్లో చూడ్డానికేముందమ్మా, ఒకటి పాలు, ఒకటి పెరుగు" అంది ట్రూడీ. కానీ ఒప్పుకుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. డాన్సు ఒకరికొకరు నేర్పుకోవచ్చు, నటనా నేర్పుకోవచ్చు, పాట మాత్రం కూడదని మేడమ్ మొదటి రోజే చెప్పారు. కాళ్లు పైకి కనిపిస్తాయి, తప్పు వేస్తే పక్కవాళ్లు చూసి చెప్తారు. గొంతు లోపల ఏం జరుగుతోందో పాడేవాళ్లకే కనపడదు, ఇక నేర్పేవాళ్లకేం తెలుస్తుందని ఆవిడ వాదన. మేం వినలేదు. ఆ వయసులో వద్దన్నది వినేవాళ్లెవరు?

*

మాట్లాడే గొంతునే పైపైకి తీసుకెళ్లి, కేక వేసినంత బిగ్గరగా, అయినా శ్రుతి తప్పకుండా పాడటాన్ని మేం బెల్టింగ్ అంటాం. వెనక వరస దాకా చేరేది అదే. సిగ్నేకి అది ఈ ఏడాది వద్దు, వచ్చే ఏడాది మెల్లగా మొదలెడదాం అని మేడమ్ ఆమె చేతిలో ఒక చిన్న జోలపాటలాంటిది పెట్టారు. వచ్చే ఏడాదంటూ ఉండాలంటే ఈ ఏడాది గట్టెక్కాలి కదా అని సిగ్నే భయం. అందుకని చివర్లో ఒక పెద్ద స్వరం పట్టి నిలపాల్సిన పాటొకటి లైబ్రరీలోంచి తెచ్చుకుంది. మేడమ్‌కి చెప్పలేదు.

నేర్పానంటున్నాను గాని నాకు నేర్పడం ఏం తెలుసు? నాకది పుట్టుకతో వచ్చింది. నేనెలా పాడతానో నాకే తెలీదు.

"కేక వెయ్యి" అన్నాను. "కింద కెస్లర్ గారు నీ పర్సు కొట్టేశాడనుకో."

"పాపం ఆయనెందుకు కొట్టేస్తాడు?" అంది సిగ్నే.

"అనుకోమన్నానే తల్లీ!"

"అనుకున్నా కూడా కేకెందుకు? వెళ్లి అడిగితే ఇచ్చేస్తాడుగా."

ట్రూడీ తినే మొక్కజొన్న అటుకుల గిన్నెలో చెంచా పడేసి పకపకా నవ్వింది. ఇలా మూడు వారాలు గడిచాయి. ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున, కిటికీ అద్దం మీద ఆవిరి పట్టి ఉంది, సిగ్నే రెండు చేతులూ బల్లకి ఆనించి మెడ నరాలు పొంగేలా ఒక్క పెట్టున ఆ స్వరం పట్టుకుంది. ఇంత చిన్న పిల్లలోంచి అంత పెద్ద చప్పుడు. గ్లాసులు కదిలినట్టనిపించింది. కింద కెస్లర్ గారు చీపురు కర్రతో కప్పు మీద దబదబా బాదాడు. మేం ముగ్గురం ఒకర్నొకరం పట్టుకుని గెంతాం. ఆ ఇంట్లో అంత సంతోషం మళ్లీ చూడలేదు.

గెంతడం అయ్యాక సిగ్నే గొంతు మీద చెయ్యేసుకుంది.

"ఇక్కడ మండుతోంది బెర్నీ."

నేను అంట్లు తోముతున్నాను. వెనక్కి తిరగలేదు.

"మంటంటే మంచిదేగా?" అంది మళ్లీ తనే. "నొప్పి పుడుతోందంటే పని జరుగుతున్నట్టే. నా పాదాలు చూడు." మేజోడు లాగి అరికాలు చూపించింది. పదిహేనేళ్ల డాన్సుకి బొటనవేలి కింద రాయిలా కాయ కాసి ఉంది. ఆ కాయంటే దానికి మహా గర్వం. డాన్సు చేసేవాళ్లందరికీ అంతే. నొప్పిని ఓర్చుకోవడమే వాళ్ల చదువు, రక్తం కారినా చిరునవ్వు చెరగనివ్వరు.

గొంతు అలాంటిది కాదు. గొంతు నొప్పి పెడితే ఆ క్షణమే ఆపెయ్యాలి. ఇది నాకు పధ్నాలుగో ఏట, చర్చిలో పాట నేర్పిన ముసలాయన చెప్పాడు. ఒకసారి కాదు, ప్రతి ఆదివారం చెప్పాడు. నాకు తెలుసు. తెలీదని ఇప్పుడు ఎవరితోనైనా అనొచ్చు గానీ నాతో నేను అనుకోలేను. కానీ ఆ పొద్దున్నే, పాటకి ముందు గంటలో, మొదటిసారి నా కాళ్లు తాళంలో పడ్డాయి. ఎనిమిది లెక్కలూ తప్పకుండా వేశాను. ఇంకో ఆరు వారాలు సిగ్నే నన్ను ఇలాగే తోమితే నేను గట్టెక్కుతాను. పాట ఆపెయ్యమంటే పొద్దుటి పని కూడా ఆగిపోతుందేమో, తనకి ఏమీ నేర్పని నాకోసం తను మాత్రం ఎందుకు పొద్దున్నే లేస్తుంది అనుకున్నాను. గిన్నె మీద మిగిలిన సబ్బు కడిగేసి అన్నాను.

"మొదట్లో అలాగే ఉంటుంది."

*

మార్చి అంతా సిగ్నే తేనె కలిపిన వేడినీళ్లు తాగుతూ తిరిగింది. పొద్దున లేవగానే మాట బయటికి రావడానికి పది నిమిషాలు పట్టేది. మేడమ్ దగ్గర జలుబని చెప్పి జోలపాట నెమ్మదిగా పాడి వచ్చేది. వంటింట్లో మాత్రం రోజూ ఏడున్నరకి ఆ పెద్ద స్వరం పట్టేది. ఒకరోజు నేను ఈపూటకి చాల్లేవే అన్నాను. "ఇంకొక్కసారి, డాన్సులో అయితే నేను ఇరవైసార్లు చేస్తాగా" అంది. సరే అన్నాను.

ట్రూడీ నన్ను మెట్ల మీద పట్టుకుంది.

"దాని గొంతు విన్నావా? తుప్పు పట్టిన తలుపు తీసినట్టుంది."

"చలికి."

"చలి నాకూ ఉంది. నా గొంతలా లేదే?"

"నీ గొంతు ఎప్పుడూ అలాగే ఉంటుంది, తేడా తెలీదు."

ట్రూడీ నవ్వలేదు. "జోకులొద్దు. పాట సంగతి నాకు తెలీదు, నీకు తెలుసు. అది బాగానే ఉందా?"

"కొంచెం విశ్రాంతి కావాలి."

"మరి ఆ ముక్క దానికి చెప్పు. నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేనే చెప్తా. ఆదివారం చెప్తా" అన్నాను. ట్రూడీ నన్ను నమ్మింది. ఆ మాట అన్నప్పుడు నేనూ నన్ను నమ్మాను.

ఆదివారం నిజంగానే చెబుదామని పాన్‌కేకులు పోశాను. సిగ్నే హాల్లో ఫోన్ దగ్గర నేల మీద కూర్చుని ఇంటికి మాట్లాడుతోంది. వాళ్ల నాన్న డులూత్ రేవులో ఇనప ఖనిజం ఓడలకెక్కించే పని చేస్తాడు, ఆదివారం తప్ప దొరకడు. ఉన్నట్టుండి రిసీవర్ చేతంత దూరం పెట్టి ఆ స్వరం పట్టింది. అటువైపు నుంచి ఏమన్నాడో నాకు వినపడలేదు. సిగ్నే మొహం మాత్రం చూశాను. చెవుల దాకా ఎర్రబడిపోయి, పెదవి కొరుక్కుంటూ, వింటోంది.

వంటింట్లోకొచ్చి, "రిసీవర్ చెవికి దూరంగా పెట్టుకోవాల్సొచ్చిందట" అంది బొంగురుగా. "అమ్మని పిలిచి మళ్లీ పాడమన్నాడు. బెర్నీ, మా ఇంట్లో నేను పాడితే ఇన్నాళ్లూ టీవీ కట్టేసి వినాల్సొచ్చేది, తెలుసా?"

పాన్‌కేకులు తిన్నాం. నేనేమీ చెప్పలేదు. ట్రూడీ అడిగితే చెప్పానన్నాను.

ఆ వారమే డూగన్ గారు క్లాసు మధ్యలో పియానో ఆపించి అందర్నీ నావైపు తిరగమన్నారు. "చూడండి. ఈ కాళ్లకి చెవులు మొలిచాయి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా సిగ్నే కొట్టింది. అదే రోజు సాయంత్రం మ్యూజిక్ బిల్డింగు వరండాలో పెట్రాకిస్ మేడమ్ ఎదురొచ్చారు. ఆవిడ పొట్టిగా, నల్లశాలువా కప్పుకుని, ఎవరితో మాట్లాడినా వాళ్ల గొంతువైపే చూస్తూ ఉండేవారు.

"బెర్నడెట్, సిగ్నే మీ ఇంట్లోనే కదూ? జలుబు నెల్రోజులైనా తగ్గట్లేదు. ఇంట్లో ఏమైనా పాడుతోందా?"

"లేదండీ."

"నిజమేనా?"

"లేదండీ, మేడమ్."

ఆవిడ నా గొంతువైపు చూసి వెళ్లిపోయారు. నేర్పినట్టు తెలిస్తే నా రివ్యూ ఏమవుతుందో అన్న భయం తప్ప అప్పుడు నా బుర్రలో ఇంకేమీ లేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తున్నాను.

*

రివ్యూలు ఇంటిపేర్ల వరసలో జరుగుతాయి. సిగ్నే హాగ్లండ్‌కి మంగళవారం వచ్చింది. నేను జెల్లర్ని, ఇంగ్లీషు అక్షరాల్లో చివరిదైన Z, ఎప్పుడూ తోకే, నాది శుక్రవారం.

మంగళవారం పదకొండింటికి నేను, ట్రూడీ తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాం. ముందు డాన్సు. లోపల సిగ్నే అడుగుల చప్పుడు నాకు వినపడలేదు గానీ, అయ్యాక డూగన్ గారు చప్పట్లు కొట్టడం వినపడింది. ఆయన రివ్యూలో చప్పట్లు కొట్టడం ఎవరూ ఎరగరు. తర్వాత నటన. వైస్ గారు ఒకచోట నవ్వారు, నవ్వాల్సిన చోటే. ట్రూడీ నా మోకాలి మీద కొట్టి, "అయిపోయింది, గట్టెక్కేసింది" అంది.

తర్వాత పాట. పియానో ఆయన చేతికి సిగ్నే ఏ కాగితమిచ్చిందో మొదటి నాలుగు స్వరాలకే తెలిసింది. జోలపాట కాదు. లోపల కుర్చీ కిర్రుమంది, మేడమ్ ముందుకు వంగి ఉంటారు.

మొదట్లో బాగానే పాడింది. నిజానికి చాలా బాగా పాడింది. చివరికొచ్చింది. స్వరం లేచింది, సగం దూరం నిండుగా వెళ్లింది, ఆ తర్వాత లేదు. పగలడం, గీరడం ఏమీ లేదు. ఉత్త గాలి. నోరు తెరిచే ఉందని, పాడుతూనే ఉందని నాకు తెలుస్తోంది, గాలి తప్ప ఏమీ రావట్లేదు. పియానో ఇంకో రెండు వరసలు తనపాటికి వాయించుకుంటూ పోయి ఆగిపోయింది.

సిగ్నే నవ్వుతూనే బయటికొచ్చింది. చెప్పానుగా, వాళ్ల చదువే అది. దాని వెనకే మేడమ్ వచ్చారు.

"ఆ పాట నీకెవరిచ్చారు? ఎవరు నేర్పారు?"

సిగ్నే తల అడ్డంగా ఊపింది. నావైపు పొరపాటున కూడా చూడలేదు. "నేనే... నేర్చుకున్నానండీ" అంది. గుసగుస కూడా సరిగ్గా రాలేదు.

"ఆపు. ఇంకొక్క మాట మాట్లాడకు" అన్నారు మేడమ్. కోపంగా అనలేదు. తన నల్లశాలువా తీసి దాని మెడ చుట్టూ చుట్టారు. మర్నాడు పొద్దున్నే తన కార్లో కొలంబస్‌లో గొంతు డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లారు.

స్వరపేటికలో రెండు వైపులా కాయలు కాశాయని చెప్పాడు డాక్టరు. ఆరు వారాలు ఒక్క మాట మాట్లాడకూడదు, తర్వాత రోజుకి పది నిమిషాలు. మామూలుగా మాట్లాడే గొంతు వస్తుంది, పెద్దగా పాడే గొంతు మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. బుధవారం సాయంత్రానికి కాలేజీ కాగితం కూడా వచ్చింది. డాన్సు అత్యుత్తమం, నటన ఉత్తీర్ణం, పాట లేదు. కోర్సులో కొనసాగించలేమని కింద ముగ్గురి సంతకాలూ ఉన్నాయి.

*

గురువారం పొద్దున ఆరున్నరకి నేను మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. డాన్సు చేద్దామని కాదు. అడిగే మొహం నాకెక్కడిది?

బల్ల గోడకి జరిపేసి ఉంది. సిగ్నే డాన్సు బూట్లు తొడుక్కుని నిలబడి ఉంది. మెళ్లో దారంతో కట్టిన చిన్న తెల్లపలక, దానికి వేలాడుతూ ఒక పెన్ను. నన్ను చూసి చెక్కగరిటె తీసుకుని బల్ల మీద కొట్టింది. నాలుగు దెబ్బలు, రోజూ నోటితో లెక్కపెట్టే ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది.

"సిగ్నే, ఇవాళ వద్దులే..."

గరిటె మళ్లీ కొట్టింది, ఇంకాస్త గట్టిగా. రేపు నా రివ్యూ.

నా భయం ఎంత వెర్రిదో నాకప్పుడు తెలిసింది. నేనేమీ ఇవ్వకపోయినా, నా దగ్గర నేర్చుకునేదేమీ లేకపోయినా, అది పొద్దున్నే లేచి బల్ల జరిపేది. ఫిబ్రవరిలోనే నేను ఆపెయ్యమనుంటే కూడా లేచేది. నేను దేనికి భయపడి నోరు మూసుకున్నానో అది ఎన్నడూ జరిగేదే కాదు.

బూట్లు తొడుక్కున్నాను. గరిటె దెబ్బలకి ఆడాను. ఎక్కడ తప్పినా గరిటె ఆగిపోయేది, మళ్లీ మొదలయ్యేది. సగంలో నేను ఆగి చెమట తుడుచుకుంటుంటే సిగ్నే పెన్ను తీసింది. రాసింది చాలాసేపు చూసుకుని, పలక నావైపు తిప్పింది.

'గొంతు నొప్పి పెడితే ఆపెయ్యాలని నీకు ముందే తెలుసా?'

నిందలా రాయలేదు. మామూలుగా, దారి అడిగినట్టు రాసింది. నేను దాని కళ్లలోకి చూశాను.

"తెలీదు సిగ్నే" అన్నాను. "ఒట్టు. తెలిస్తే నీకు చెప్పనా?"

గొంతు వణకలేదు. కళ్లు తిప్పుకోలేదు. కొంచెం నొచ్చుకున్నట్టు కూడా పెట్టాను మొహం, అలా ఎలా అడిగావన్నట్టు. సిగ్నే కాసేపు చూసింది. తర్వాత తలూపింది. పలక చొక్కా చేత్తో తుడిచి, మళ్లీ రాసింది.

'మొదటినుంచి. కాళ్లవైపు చూడకు.'

అది స్నానానికి వెళ్లాక గానీ గుమ్మంలో ట్రూడీ ఉందని నాకు తెలీలేదు. ఎప్పట్నుంచి ఉందో. చేతిలో అటుకుల గిన్నె అలాగే ఉంది, పాలు పీల్చుకుని ముద్దయిపోయింది.

"వైస్ గారు చూడాల్సింది" అంది.

"ఏంటి?"

"నువ్వు అబద్ధం చెప్తే తెలిసిపోతుందని రాశాడుగా. ఇప్పుడు చూసుంటే ఆ కాగితం చింపేసేవాడు." గిన్నె సింకులో పెట్టింది. "నేర్పినదాన్ని నేనే కదా, నాకు గర్వంగా ఉండాలి."

సిగ్నేకి మాత్రం ట్రూడీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని చాలా ఏళ్ల తర్వాత అడిగితే, అప్పటికే దానికి గొంతు లేదు, ఉన్న ఒక్క స్నేహితురాల్ని కూడా లేకుండా చెయ్యాలా అంది. ఆ ఏప్రిల్ నెలాఖరుకే ట్రూడీ వేరే ఇంటికి మారిపోయింది. మారేదాకా పాల సీసాల గురించి తప్ప నాతో మాట్లాడలేదు.

శుక్రవారం నేను మూడింట్లోనూ గట్టెక్కాను. డాన్సులో ఒక్క అడుగు తప్పలేదు. కాళ్లవైపు చూడలేదు. నటనకి నేను తయారుచేసుకున్నది చెల్లెలి దగ్గర ఒక సంగతి దాచిపెట్టే అక్క పాత్ర. వైస్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "మొదటిసారి నిన్ను నమ్మానమ్మా. ఎక్కణ్నుంచి తెచ్చావిది?" అన్నారు. థాంక్సండీ అని బయటికొచ్చి, డాన్సు హాలు వెనక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నా ఏడుపుని నేనే నమ్మలేకపోయాను.

*

జూన్ మొదటివారంలో సిగ్నే వాళ్ల నాన్న పికప్ ట్రక్కు వేసుకుని వచ్చాడు. ఆ ఆరు వారాల్లో ఇంట్లో పాటా లేదు, మాటా లేదు. కెస్లర్ గారు ఒకసారి నన్నాపి, మీ పైన ఎవరైనా పోయారా అమ్మా, కప్పు కొట్టే పనే లేకుండా పోయింది అన్నాడు. నేను సెలవులకి ఇంటికెళ్లకుండా అక్కడే ఉండిపోయాను. ఎందుకో చెప్పలేను. మొత్తం చెప్పేస్తానని రోజూ పొద్దున అనుకునేదాన్ని. ఆ పలక చూస్తే నోరు పెగిలేది కాదు.

హాగ్లండ్ గారు నిలబడితే ద్వారం నిండిపోయేంత మనిషి. మాట మాత్రం మెత్తన. పరుపు, పెట్టెలు, అద్దం ఒక్కడే మోసేశాడు. సిగ్నే ఆ రోజుకి తనకున్న పది నిమిషాల్లో ఒక్కటి కూడా పొద్దుట్నుంచి ఖర్చుపెట్టలేదు. ఏది అడిగినా పలక మీదే రాసింది. అన్నీ ఎక్కించాక, ట్రక్కు పక్కన నిలబడి, చేతి గడియారం చూసుకుని, పలక మెళ్లోంచి తీసేసింది.

"నాన్నా" అంది. గొంతు లోతుగా, గరగరగా, ఎవరిదో అన్నట్టుంది. "ఈమే బెర్నీ. ఫోన్లో విన్నారే, ఆ స్వరం... అది నాకు నేర్పింది ఈ అమ్మాయే."

ఆయన టోపీ తీశాడు. నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ అరచేతుల నిండా కాయలే.

"ఆ రోజు దీని గొంతు విని వాళ్లమ్మ ఏడ్చిందమ్మా" అన్నాడు. "ఇంత గొంతుందని కన్నవాళ్లం మాకే తెలీదు. జబ్బు చేసి పోయింది, ఏం చేస్తాం, అదృష్టం అంతే. ఒక్కసారైనా వినిపించావు. చాలా థాంక్స్ తల్లీ."

"దానిదేముందండీ" అన్నాను.

ఆయన వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. సిగ్నే గడియారం చూసుకుంది.

"నాకింకా తొమ్మిది నిమిషాలున్నాయి బెర్నీ" అంది. "నువ్వేమైనా చెప్తావా?"

అది నా కళ్లలోకి చూసింది. ఆ గురువారం చూసినట్టే చూసింది. దానికి తెలుసా, తెలీదా, నేనిప్పటికీ తేల్చుకోలేదు. కెస్లర్ గారి కొట్లోంచి సుత్తి చప్పుడు వినిపిస్తోంది, టక్, టక్, ఆగి మళ్లీ టక్. సిగ్నే ఎదురుచూసింది.

"జాగ్రత్తగా వెళ్లండి" అన్నాను.

తలూపింది. పలక మళ్లీ మెళ్లో వేసుకుని, ఆ తొమ్మిది నిమిషాలూ అలాగే ఉంచుకుని ట్రక్కెక్కింది.